నవల అట్టకు పసుపు

కరోనా తగ్గి పెండ్లిళ్లు మళ్లీ జోరందుకున్న ఏడాది, మాఘమాసంలో, నేను కోరుట్లలో ఒక పెండ్లి కార్డుల ప్రెస్సులో ఫినిషింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది పైచిలుకు ఉంది. జగిత్యాలలో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటరుగా మొదలుపెట్టి, ఆఫ్‌సెట్ వచ్చాక మిషన్ మీదికి, చూపు మందగించాక ఫినిషింగుకు మారినవాణ్ని. అచ్చయిన కాగితం మిషన్ దిగినప్పటినుంచి గిరాకీ చేతికి చేరేదాకా జరిగే పని అంతా ఫినిషింగే. మడత, కుట్టు, గమ్ము, కోత, కట్ట అన్నీ అందులోకే వస్తాయి. అచ్చు బాగుంటే పేరు మిషన్‌మన్‌కు పోతుంది. కోత వంకరపోతే తిట్లు మాత్రం మాకే.

నా సెక్షన్లో ఆరుగురు ఆడవాళ్లు పనిచేసేవారు. అందరిలో పెద్దది లస్మవ్వ. అరవై దగ్గర పడ్డ మనిషి, అంతకుముందు ఇరవై ఏళ్లు బీడీలు చేసింది. చదువు రాదు. కానీ ఒక పని ఒక్కసారి చూపిస్తే మళ్లీ చెప్పనవసరం లేదు. ఆమె సౌకర్యం కోసమే పని చీటీలకు నేను రంగులు పెట్టాను. ప్రతి పనికీ ఒక చీటీ రాసి కాగితాల దొంతి మీద పెడతాం. దాన్ని జాబ్ స్లిప్ అంటారు. తెల్ల చీటీ ఉంటే మామూలు పని, లెక్కపెట్టి కట్ట కట్టడమే. పసుపు రంగు చీటీ ఉంటే పెండ్లి పని, నాలుగు మూలలకూ పసుపు పెట్టి కట్టాలి. ఇది ఇంట్లోవాళ్లు కూర్చుని చేసుకోవాల్సిన పనే. ఇప్పుడు ఎవరికీ తీరిక లేదు గనక అదీ మా ప్రెస్సే చేసి ఇచ్చేది. ఈ ఏర్పాటు నేనే చేశానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ సీజన్లో మా దగ్గరికి ఒక నవల వచ్చింది. రాసినావిడ పేరు మమత. సిరిసిల్లలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చోట సూపర్‌వైజరు. ఏ ప్రచురణకర్తా వేయలేదు, తనే వేసుకుంటోంది. ప్రేమకథ, మొదటి పుస్తకం. పేరు ‘శిరీష వెడ్స్ రాజలింగం’. అట్ట అచ్చం పెండ్లి కార్డులా ఉండాలని, కార్డు అనుకుని తెరిస్తే లోపల నవల ఉండాలని ఆమె కోరిక. అందుకే పుస్తకాలు వేసే ప్రెస్సులు వదిలి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. పెండ్లి కార్డులకు వాడే గరుకు ఐవరీ కార్డునే అట్టకు ఎంచుకుంది. లామినేషన్ వద్దంది, వేలికి ఆ గరుకు తగలాలట. మనసులో ఇదేం పిచ్చి అనుకున్నాను గానీ, గిరాకీ ముందు అనే మాట కాదు.

తొందర ఎందుకని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. భర్త శ్రీనివాస్ మస్కట్‌లో బండి నడుపుతాడు. మూడేళ్లుగా ఆమె రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఫోన్లో చదివి వాయిస్ మెసేజీగా పంపితే, అతను శుక్రవారం సెలవునాడు విని, ఇక్కడ బాగుంది, ఇక్కడ పిలగాడు మరీ మెత్తగా ఉన్నాడు అని చెప్పేవాడు. ఇప్పుడు నలభై రోజుల సెలవు మీద వచ్చాడు. ఆదివారం పొద్దున సిరిసిల్లలో పుస్తకం ఆవిష్కరణ, అదే సాయంత్రం అతని ప్రయాణం. మళ్లీ రావాలంటే రెండేళ్లు. “పుస్తకం ఆయన చేతుల పెట్టి పంపాలె సార్. ఇన్నడే గని ఒక్కనాడు సూడలే,” అంది. నేను శనివారానికి కట్ట కట్టి ఇస్తానని మాట ఇచ్చాను.

లోపలి పేజీలు అనుకున్న వేళకే అయ్యాయి. పుస్తకాన్ని పేజీలుగా కాదు, ఫారాలుగా అచ్చు వేస్తాం. ఒక్కో ఫారం మడిస్తే పదహారు పేజీలు. పన్నెండు ఫారాలు మడిచి, వరస పెట్టి, వీపున దారం కుట్టి ఉంచాం. ఇక అట్టలు అతికించి మూడు వైపులా కోయడమే మిగిలింది. బుధవారం సాయంత్రం అట్టలు మిషన్ దిగాయి. చీటీ రాద్దామంటే తెల్ల చీటీల ప్యాడ్ అయిపోయింది. ఎదురుగా పసుపు ప్యాడ్ ఉంది. దాని మీదే ‘పుస్తకం అట్టలు, ఐదు వందలు, లెక్కపెట్టి ఉంచాలి’ అని కొట్టొచ్చినట్టు పెద్ద అక్షరాలతో రాసి దొంతి మీద పెట్టాను. మర్నాడు బంధువుల ఇంట్లో శుభకార్యం ఉండి సెలవు పెట్టాను.

శుక్రవారం పొద్దున వచ్చేసరికి అట్టలు చక్కగా కట్టలు కట్టి ఉన్నాయి. పై కట్ట విప్పి చూశాను. ప్రతి అట్టకూ నాలుగు మూలలా చిటికెనవేలి గోరంత పసుపు. లస్మవ్వ ఐదు వందలకూ పెట్టింది. ఒక్కటి కూడా వదల్లేదు.

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనపడదు. నలభై ఏళ్లు మా ఇంటావిడ చెప్పినా పోలేదు. అందరి ముందూ లస్మవ్వను నిలబెట్టి నోటికొచ్చింది అన్నాను. గింత పెద్దగ రాసిన చీటి కండ్లకు కనవడలేదా అని అరిచాను. ఆమె అదరలేదు, బెదరలేదు. దొంతి పక్కనున్న చీటీ తీసి నా చేతిలో పెట్టి, “నువ్వే చెప్పితివి గద సారూ, గీ రంగు చీటి ఒస్తె పసుపు పెట్టుమని,” అంది.

చీటీ మీద నా చేతిరాతే. చదువు రాని మనిషికి పెద్ద అక్షరాలు రాసి పెట్టి, ఆమె చదవగలిగే ఒకే ఒక్కదాన్ని, ఆ రంగును, తప్పుగా పెట్టింది నేనే. అట్ట మీద ‘వెడ్స్’ అని ఉండనీ ఉండకపోనీ, ఆమెకు ఒకటే. కానీ ఆ క్షణంలో ఆ మాట బయటికి అనలేదు. పని చూడాలంటూ పక్కకు వెళ్లిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ముందు ఒక అట్ట తీసి రబ్బరుతో రుద్దాను. మరక పరుచుకుంది. బట్టల సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి తుడిచాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు, నాకే తట్టలేదు. మూలకు కుంకుమ కూడా పెట్టినట్టయింది. వెనక నుంచి ఎవరో ముసిముసిగా నవ్వారు. తిరిగి చూడలేదు.

మళ్లీ అచ్చు వేద్దామంటే ప్లేట్లు ఉన్నాయి గానీ ఐవరీ కార్డు ఒక్క షీటు లేదు. హైదరాబాదు డీలరు సోమవారం అన్నాడు. వేరే కార్డు మీద వేద్దామన్నా మిషన్ మీద పెండ్లి కార్డులు నడుస్తున్నాయి, ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. శనివారం సాయంత్రానికి గానీ మిషన్ ఖాళీ కాదు, అప్పుడు వేసిన ఇంకు ఆరకుండా అతికిస్తే ఒకదాని రంగు ఒకదానికి అంటుతుంది.

మిగిలిన దారి కోత ఒక్కటే. అట్ట ఒకే షీటు, ముందూ వెనకా మధ్యలో వీపూ కలిసి ఉంటాయి. దాని నాలుగు మూలలూ పుస్తకానికి అతికించాక తెరిచే అంచు వైపే వస్తాయి. వీపు వైపు పసుపు లేదు. అంటే తెరిచే అంచును మామూలు కంటే మరో పావు అంగుళం లోపలికి కోస్తే పసుపు మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. పేజీల పక్కన తెల్ల జాగా ఉంది, అక్షరం తెగదు. చిక్కల్లా ముందు అట్ట మీద. రచయిత్రి పేరు కింద కుడి మూలన, అంచుకు దగ్గరగా వేశారు. స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. చివరి అక్షరం పక్కన వడ్లగింజంత సందు మిగలాలి. కత్తి వెంట్రుకవాసి జరిగితే పేరు తెగుతుంది.

మా ఓనరు మంచివాడే, కానీ వ్యాపారి. ఆమెకు చెప్పకుండా కోసి పంపేయండి, పుస్తకం కొంచెం సన్నగా ఉంటుంది, ఎవరు కొలుస్తారు అన్నాడు. నిజంగా నాకూ ఆశ పుట్టింది. కానీ పేరు పక్కన ఎంత జాగా ఉండాలో చెప్పాల్సింది ఆ పేరు గల మనిషి కదా. మమతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె అంతా వింది. తర్వాత, “ఆదివారం లోపు అయితదా సార్?” అని ఒక్కటే అడిగింది. ఒక పుస్తకం కోసి చూస్తే గానీ చెప్పలేనన్నాను. మేము ఒస్తున్నం అంది.

వాళ్లు వచ్చేలోపు చాయ్ వేళ అయింది. లస్మవ్వ గిన్నెలో గమ్ము కలుపుతుంటే దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినపడకుండా, తప్పు నాదేనని అన్నాను. ఆమె చెయ్యి ఆపలేదు. “తిట్టింది అందరి ముంగట. గిది చెప్పుడు చెవులనా సారూ?” అంది.

మమతా శ్రీనివాసూ పన్నెండింటికి బండి మీద వచ్చారు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి, దారంతా ఏడ్చినట్టుంది. నమూనాకు ఒక పుస్తకం అతికించి బరువు కింద పెట్టాం. గమ్ము పట్టడానికి గంట పడుతుంది. ఎవరు పెట్టారు సార్ పసుపు అని మమత అడిగింది. అందరూ లస్మవ్వ వైపు చూశారు. అప్పుడు లేచి నిలబడి, సెక్షన్ మొత్తం వినేటట్టు చెప్పాను. చీటీ రంగు నేను తప్పు పెట్టాను, లస్మవ్వ చీటీ చెప్పినట్టే చేసింది, పొద్దున అనవసరంగా మాటన్నాను, తప్పు నాది. లస్మవ్వ తల ఊపి, కొంగుతో చేతులు తుడుచుకుని, మమత పక్కన వచ్చి కూర్చుంది.

“పెండ్లి ఎన్నడు బిడ్డా?” అని అడిగింది.

“ఆఖరి పేజీల ఉన్నది అవ్వా. గీడిదాక ఒచ్చుడు కష్టమైంది,” అంది మమత. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఇక ఆడవాళ్లు వదల్లేదు. పిల్ల ఎవరి బిడ్డ, పిలగాడు ఏం పని చేస్తడు, అత్త ఒప్పుకున్నదా అని అడుగుతూనే ఉన్నారు. మమత కథ చెప్పసాగింది. కార్డులు మడిచే చేతులు మడుస్తూనే ఉన్నాయి. ఎక్కడైనా ఆమె ఒక ముక్క వదిలేస్తే శ్రీనివాస్ అందించేవాడు, అతనికి నవలంతా నోటికి వచ్చు. ఆ పిలగాడు బస్టాండులో మాట్లాడకుండా వెళ్లిపోయే చోట లస్మవ్వ వాణ్ని గట్టిగా తిట్టింది. నేను కత్తికి నూనె పెడుతున్నట్టు నటిస్తూ చెవి అటే పెట్టాను.

గంట దాటాక పుస్తకాన్ని కటింగ్ మిషన్ మీద పెట్టాను. అందరూ మిషన్ చుట్టూ చేరారు. పుస్తకం వీపు ఆనే వెనక హద్దును ఒకటికి మూడుసార్లు చూసుకుని, బిగింపు దించి, రెండు చేతులతో హ్యాండిలు వంచాను. పసుపు ముక్క తెగి కింద పడింది. పుస్తకం తిప్పి చూడకుండానే మమత చేతికిచ్చాను.

ఆమె మూల మీద వేలు పెట్టి రుద్ది చూసింది. మరక లేదు. పేరు ఉంది, పక్కన సందూ ఉంది. “పేరు పూర్తిగనే ఉన్నది సార్, సాలు,” అని పుస్తకం భర్తకు ఇచ్చింది. అతను మొదటి పేజీ తెరిచి నిలబడే చదవడం మొదలుపెట్టాడు. ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు పక్కకు జరిగి గోడవైపు తిరిగాడు. తిన్నగా కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నానికి అన్నీ కోశాం. పసుపు మరీ లోపలికి పోయిన పదిహేను, ఇరవై అట్టలు తీసేశాం. కట్టలు సాయంత్రానికి సిరిసిల్ల చేరాయి. ఆదివారం ఆవిష్కరణ జరిగిందని, శ్రీనివాస్ సామానులో మూడు పుస్తకాలు పెట్టుకుని వెళ్లాడని మమత ఫోన్ చేసి చెప్పింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ చీటీనీ దొంతి మీద పెట్టి వెళ్లిపోలేదు. చేతికిచ్చి, పని ఏమిటో నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకునేవాణ్ని. మనం పెట్టిన పద్ధతిని నమ్మి పనిచేసేవాళ్లు ఉన్నప్పుడు, ఆ పద్ధతిని మనమే తప్పితే తప్పు వాళ్లది కాదు. ఇంకొకటీ నేర్చుకున్నాను. తప్పును అందరి ముందు ఒకరి మీద మోపినవాడు దాన్ని అందరి ముందే దించాలి. దానికి నాకు పట్టింది ఒక నిమిషం. ఆ నిమిషం కోసం మూడు గంటలు తప్పించుకు తిరిగాను.