మూడోసారి పెళ్ళి ప్రకటన

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఒక శనివారం పొద్దున్నే రేడియో కట్టేసి, రెండు చీరలు సంచీలో పెట్టుకుని గుంటూరు బస్టాండుకి బయల్దేరాను. ఆ పొద్దుటి వార్తల్లోనూ అదే మాట చెప్పారు. లంక నుంచి మన సైన్యాన్ని వెనక్కి రప్పించే విషయమై రెండు ప్రభుత్వాల వాళ్ళూ మాట్లాడుకున్నారట, చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయట. ఆ వాతావరణం ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ, అది మొదలైన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు.

మా తమ్ముడు ప్రభుదాసు ఆ సైన్యంలో సిపాయి. జాఫ్నా దగ్గర ఉన్నాడు. అమ్మా నాన్నా పోయాక వాడికి పెద్దదిక్కు నేనే. నేను బ్రాడీపేటలో అద్దెకుంటూ ఒక బళ్ళో పాఠాలు చెబుతాను. ఒంగోలుకి పడమట రేగడిపాడు అనే పల్లెలో రూతు అనే అమ్మాయితో వాడికి ప్రధానం జరిగి ఏడాది దాటింది. ప్రధానమంటే మా క్రైస్తవుల నిశ్చితార్థం. ఆ తర్వాత మాలో ఒక పద్ధతి ఉంది. ఫలానా వాళ్ళకి పెళ్ళి జరగబోతోంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని గుళ్ళో వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. చదివాక మూడు నెలల్లోగా పెళ్ళి కావాలి. కాకపోతే ఆ ప్రకటన చెల్లదు, మళ్ళీ మొదట్నించీ చదవాల్సిందే.

మేం రెండు కుటుంబాల వాళ్ళం కలిసి చేసిన తెలివితక్కువ పని రేడియోని నమ్మడం. చర్చలు ఫలించాయని వినగానే, ఇంకేముంది పిల్లాడు వచ్చేస్తున్నాడని ప్రకటన చదివించేశాం. గడువు దాటిపోయింది గానీ వాడికి సెలవు దొరకలేదు. మరోసారి సైన్యం తిరుగుముఖం పట్టిందన్నారు. మళ్ళీ చదివించాం. ఎవరెవరో వచ్చారు, వాడి పటాలం మాత్రం కదల్లేదు. ఆ గడువూ దాటింది. రేగడిపాడులో జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ ఆదివారం నుంచి మూడోసారి మొదలుపెట్టి చదవాల్సి ఉండగా, రూతు వాళ్ళ నాన్న యాకోబు గారు గుంటూరులోని వాళ్ళ చుట్టం చేత కబురు పంపారు. ఇక చదివించం, ప్రధానం ఉంగరం తిరిగి ఇచ్చేస్తాం అని. ఆదివారమంటే ఆ మర్నాడే. ఉంగరం పుచ్చుకోవడానికైతే నేను వెళ్ళడం లేదని బస్సెక్కేముందే గట్టిగా అనుకున్నాను.

ఎనిమిదింటికి ఒంగోలు బస్సు కదిలింది. ఊరి చివర కోల్డ్ స్టోరేజీల ముందు లారీల్లోంచి మిరపకాయల టిక్కీలు, అంటే గోనె మూటలు, దింపుతున్నారు. ఆ ఘాటుకి డ్రైవరు దగ్గర్నుంచీ చంకలో పిల్లల దాకా అందరూ తుమ్మారు. గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళు ఆ కాస్త దూరం కిటికీ మూసుకోవడం మంచిది. నా పక్క సీట్లో కూర్చున్నాయన పేరు మస్తాను. సంతల్లో ఎడ్ల బేరాలు కుదురుస్తాడు, చిలకలూరిపేటలో దిగుతాడు. ఎక్కడికి, ఎందుకు అని ఆయన అడక్కుండా ఉండలేడు, నేనూ చెప్పకుండా ఉండలేకపోయాను.

అంతా విని ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. "మా బేరాలు చూశారా టీచరుగారూ? తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటామండి, పైకి నోరు మెదపం. చూసేవాళ్ళకి ఏమీ తెలవదు. ఒక్కోసారి పొద్దు వాలిపోద్ది. ఎవడో ఒకడు చెయ్యి లాక్కున్నప్పుడే బేరం పోయినట్టు. అందాకా ఉన్నట్టే" అన్నాడు. ఢిల్లీ వాళ్ళ సంగతి చెబుతున్నాడో, యాకోబు గారి సంగతి చెబుతున్నాడో నేను అడగలేదు. రెంటికీ పనికొచ్చే మాటే అనిపించింది. నా అంతట నేను మాత్రం చెయ్యి లాక్కోకూడదని తీర్మానించుకున్నాను.

చిలకలూరిపేటలో బస్సు చాలాసేపు ఆగింది. దూది బేళ్ళ లారీలు రోడ్డుకి రెండువైపులా నిలబడితే మధ్యలో బస్సు దూరే సందు లేదు. కండక్టరు దిగి లారీ క్లీనర్లని తిట్టి, వాళ్ళ చేత తిట్టించుకుని, తీరిగ్గా టీ తాగి వచ్చాడు. నేనూ దిగి రెండిడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది. అక్కడినుంచి దారికి రెండువైపులా నల్ల నేల, మోకాలెత్తు పత్తి మొక్కలు, వాటి మధ్య వంగి కలుపు తీస్తున్న ఆడవాళ్ళు. ఒంగోలు చేరేసరికి పన్నెండు దాటింది. ఇంకో బస్సెక్కి రేగడిపాడు అడ్డరోడ్డులో దిగాను. అక్కడినుంచి నడకే. ముందురోజు వాన పడిందేమో, పది అడుగులేసేసరికి చెప్పులకి తవ్వెడు మట్టి అంటుకుంది. ఇక లాభం లేదని చెప్పులు చేత పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను. మగపెళ్ళివారి తరఫున వెళ్ళే మర్యాద అది కాదు గానీ, ఆ మట్టికి మర్యాదలు తెలియవు.

యాకోబు గారు వాకిట్లో మిరప నారు కట్టలు కడుతున్నారు. రెండెకరాలు కౌలుకి చేస్తారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, రూతు ఒక్కతే కూతురు. నన్ను చూసి లేచి, కాళ్ళకి నీళ్ళిమ్మని కూతురికి చెప్పి, మళ్ళీ నారు ముందు కూర్చున్నారు. నేనూ కొంగు బిగించి ఎదురుగా కూర్చుని కట్టలు కట్టడం మొదలుపెట్టాను. బస్సులో కూడబలుక్కున్న వాదనలు చాలా ఉన్నాయి. దేవుడి ముందు ఇచ్చిన మాట, నలుగురిలో పరువు, ఇలాంటివి. ఒకటో రెండో మొదలుపెట్టాను కూడా. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు కోపం లేదమ్మా సుగుణా. భయం. పక్కూరి కుర్రాడు ఆ లంకలోనే ఉండేవాడు. పోయిన నెల పెట్టెలో వచ్చాడు. వాడి పెళ్ళాం మా రూతుతో చదువుకుంది. రూతుని నేనలా చూడలేను" అన్నారు. చేతిలో కట్ట ముడి బిగించి, "మీ తమ్ముడు తిరిగొస్తాడని నువ్వు మాటిస్తావా?" అని అడిగారు.

ఇస్తానని చెప్పడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఆయన మొహం చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"ఇవ్వలేను మావయ్యగారూ. వాడొస్తే మాత్రం నేరుగా ఈ ఇంటికే వస్తాడు. అంతవరకే నేను చెప్పగలను" అన్నాను.

ఇక అయిపోయింది, ఉంగరం తెచ్చి చేతిలో పెడతారనే అనుకున్నాను. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న రూతు వాకిట్లోకి వచ్చింది. ఒద్దికైన పిల్ల, ప్రధానం నాడు నాతో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడలేదు.

"ఆగాల్సింది నేను కదా నాన్నా, నన్నడుగు" అంది. ఆయన అడగలేదు. అయినా ఆమే చెప్పింది. "ఆగుతాను. ఇప్పుడు ప్రకటన ఆపితే, పోయాడనే అనుకుంటారు ఊళ్ళో. బతికున్న మనిషికి మన చేతుల్తో మనం ఆ పని చెయ్యడమెందుకు?"

యాకోబు గారు నారు కట్టలు తట్టలో సర్దుకుని చేలోకి వెళ్ళిపోయారు. ఆ పిల్ల నావైపు తిరిగి, "అన్నం తిందురు రండి వదినా" అని, గోంగూర, చేపల పులుసు వడ్డించింది. తను మాత్రం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఆ నిమిషంలో నాకు ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. సాయంత్రం పాస్టరు గారింటికి వెళ్ళి అడిగితే, పిల్ల తండ్రి వచ్చి వద్దనలేదు కాబట్టి తాను చదువుతానని, గుళ్ళో ఆయన లేచి కాదంటే అక్కడితో ఆపేస్తానని చెప్పారు. అది న్యాయమే. యాకోబు గారు చీకటి పడ్డాక వచ్చి అన్నం తిని, ఔననకుండా కాదనకుండా పడుకున్నారు.

ఆదివారం తొమ్మిదింటికి గంట కొట్టారు. చిన్న గుడి, చాపలు పరిచారు, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళం. రూతు ముసుగు వేసుకుని నా పక్కన కూర్చుంది. యాకోబు గారు మగవాళ్ళలో ముందు వరసలో ఉన్నారు, వెనకనుంచి ఆయన మెడ తప్ప నాకేమీ కనపడదు. కీర్తనలు అయ్యాయి, ప్రసంగం అయింది. పాస్టరు గారు కళ్ళద్దాలు పెట్టుకుని, "గుంటూరు బ్రాడీపేట కాపురస్థుడైన ప్రభుదాసుకును, రేగడిపాడు కాపురస్థురాలైన రూతుకును వివాహము జరుగనైయున్నది. అభ్యంతరము గలవారు ఇప్పుడే తెలియజేయవలెను" అని చదివారు.

మగవాళ్ళ వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. యాకోబు గారు లేచి నిలబడ్డారు. రూతు నా చెయ్యి పట్టుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అయ్యగారూ, నాకు అభ్యంతరం లేదు" అన్నారాయన. "అబ్బాయి గుంటూరులో లేడు. ఎక్కడున్నాడో ఆ ఊరి పేరు పెట్టి చదవండి. అందరూ విని, ఆ పేరు చెప్పి ప్రార్థన చెయ్యాలి."

పాస్టరు గారు కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ మొదట్నించీ అందుకున్నారు. ఈసారి "ప్రస్తుతము లంకలోని జాఫ్నాలోనున్న ప్రభుదాసుకును" అని గట్టిగా చదివారు. అభ్యంతరము గలవారు అన్నప్పుడు ఈసారి వెనక వరసల్లో ఎవరూ నవ్వలేదు. ప్రకటనకి ఎవరూ ఆమేన్ చెప్పరు. ఆ రోజు గుడంతా చెప్పింది. రూతు ఏడవలేదు. ఏడ్చింది నేను, అదీ పైకే.

మధ్యాహ్నం యాకోబు గారు నా సంచీ తానే పట్టుకుని అడ్డరోడ్డు దాకా వచ్చారు. బస్సు కనపడ్డాక, "ఈ గడువు కూడా దాటితే? ఎన్నిసార్లయినా చదవొచ్చా?" అని అడిగారు. అయ్యగారికి గొంతున్నంత కాలం చదవొచ్చన్నాను. ఆయన నవ్వడం ఆ రెండు రోజుల్లో అదే మొదలు.

ఒంగోలులో నాలుగింటి పాసింజరు దొరికింది. తెనాలిలో దిగి గుంటూరు బండి మారాలి. ఆదివారం కాబట్టి కిటికీ పక్కన సీటు దొరికింది. చీరాల దాటేదాకా ఆకాశం మబ్బుగానే ఉంది. ఇన్నాళ్ళూ ఆ చర్చలు మాకు అందనంత ఎత్తులో జరుగుతున్నాయనీ, ఎదురుచూడటం తప్ప మేం చేయగలిగింది ఏమీ లేదనీ అనుకునేదాన్ని. ఇప్పుడు వచ్చే రెండు ఆదివారాలూ మళ్ళీ ఈ దారిలోనే రావాలి. మట్టిలో నడవాలి, ప్రకటన వినాలి. చెయ్యడానికి పని ఉంటే మనిషికి ధైర్యం అదే వస్తుంది.

ఎదురు సీటాయన ట్రాన్సిస్టరు పెట్టాడు. చర్చల్లో ఇంకా కొన్ని అంశాలు తేలలేదట, ప్రతినిధులు మళ్ళీ కలుస్తారట. "ఇది ఇప్పట్లో తెమిలేది కాదండీ" అన్నాడాయన, రేడియో కట్టేస్తూ. నేను దీక్షగా విన్నది గమనించాడేమో, "అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"మా తమ్ముడున్నాడండి. పెళ్ళికొడుకు" అన్నాను.