ఆగమంటే ఆగే మాట

యాభైల చివర్లో, నాకు పదేళ్లప్పుడు. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా కుక్క మోతికి నేను నేర్పింది ఒక్కటే, పేరు పిలిస్తే పరుగెత్తుకొచ్చి నా మీద పడటం. "ఆగమంటే ఆగేది గూడా నేర్పు పాపా" అని నాయన ఎన్నిసార్లు చెప్పినా నవ్వేసేదాన్ని.

ఒకరోజు పొద్దున నాయన వీధి పొడవునా చీరకు నిలువుపోగులయ్యే పట్టు పడుగు సాగదీసి, తెగిన పోగులు అతుకుతున్నాడు. పడుగుకు అవతల మోతి, ఇవతల నేను. నన్ను చూసి అది కదలగానే భయంతో "వద్దు మోతీ!" అని అరిచాను. దానికి తెలిసింది పేరొక్కటే. పడుగును చీల్చుకుని వచ్చి నా మీద పడింది. దాని కాళ్లనిండా పట్టుపోగులే.

నాయన దాన్ని కొట్టలేదు, నన్ను తిట్టలేదు. "ఇంగ ఇది ఈడ ఉండేదానికి లేదు" అన్నాడంతే. ఆ వారమే రొద్దంలో సేద్యం చేసే మామ వెంట పంపేశాడు.

ఏడాది తర్వాత రొద్దం వెళ్లాను. దూరం నుంచే గుర్తుపట్టి మోతి పరుగెత్తుకొచ్చింది.

"నిలు!" అన్నాడు మామ.

నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. తోక మాత్రం ఆగలేదు.

"సూడు పాపా, ఇప్పుడెంత బాగా మాట ఇంటాదో!"

కుక్కను తెచ్చుకునే వాళ్లందరికీ ముందు ఆ మాటే నేర్పమని ఇప్పటికీ చెబుతుంటాను. ఆ రోజు రొద్దంలో మాత్రం, ఒక్కసారికి అది మాట వినకుంటే బాగుండుననిపించింది.