హెల్మూట్ సార్, చెంప మీది గీటు

టర్పెంటైన్ సీసా మూత తీస్తే చాలు, హెల్మూట్ సార్ వచ్చి నా పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. జెద్దాలో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పని నాది. ఇవాళ పొద్దున పాత ఫ్రేమొకటి తుడుద్దామని మూత తిప్పగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి, గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన జర్మనీ దేశస్థులు. మనుషుల ముఖాలు చిత్రించడమే ఆయన బతుకు. ఆయన దగ్గర నేను ఆరేళ్ళు పనిచేశాను.

వాళ్ళ నాన్న దుకాణాలకు బోర్డులు రాసేవాడట. కొడుకు అక్షరాలు వదిలి ముఖాలు పట్టుకున్నారు. సొంత ఊళ్ళో జడ్జీలవీ ప్రొఫెసర్లవీ ఎన్నో పటాలు వేశారు. రానురాను అక్కడ అందరూ ఫోటోలతోనే సరిపెట్టుకుంటున్న రోజుల్లో ఒక వర్తక కుటుంబం పిలిస్తే, నెల రోజుల పనికని జెద్దా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఫోటో చూసి వేయమంటే మాత్రం ససేమిరా అనేవారు. మనిషి ఎదురుగా కూర్చోవాలి, మాట్లాడాలి, విసుక్కోవాలి. "విసుగు పుట్టాకే అసలు ముఖం బయటికొస్తుంది, మిస్టర్ బాషా" అనేవారు. డ్రైవరుగా చేరిన నన్ను మిస్టర్ అని పిలిచినవారు నా జన్మలో ఆయనొక్కరే.

నాకు ఆ పద్ధతి మింగుడుపడేది కాదు. నేను ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియోలో టచింగ్ పని చేసి వచ్చినవాణ్ణి. పెళ్ళిచూపుల ఫోటో అంటే మచ్చలు మాయం, తెలుపు రెండింతలు. ఎవరి ముఖం మీద మచ్చ కనబడినా నా చేయి ఊరుకునేది కాదు.

అప్పట్లో సార్ ఒక ముసలి ఓడల వ్యాపారిని చిత్రించారు. చివరిసారి వచ్చి కూర్చున్న వారానికే ఆ పెద్దాయన ఆసుపత్రి పాలయ్యారు, ఇక లేవరని కబురు వచ్చింది. ఎడమ చెంప మీద ఆయనకు సన్నని గీటొకటి ఉండేది. సార్ దాన్ని కూడా ఉన్నదున్నట్టు దించారు. ఇంట్లోవాళ్ళు కలకాలం చూసుకునే పటం కదా, ముఖం నున్నగా ఉంటే బాగుంటుందని నాకు తోచింది. సార్ భోజనానికి వెళ్ళగానే చర్మం రంగు కలిపి గీటును కప్పేశాను. మురిసిపోయి మా కడప జిలానీ అన్నకు ఫోన్ చేసి చెప్పాను కూడా!

"యేం పని చేసినావురా సామీ!" అని అరిచాడు అన్న. "ఆయప్ప నీ వీసా ఇచ్చిన కఫీల్‌కు ఒక్క మాట చెప్పినాడంటే నీకు ఎగ్జిట్టే, దేశం వదిలి ఇంటికి పోవాల్సిందే. పో, ముందు పోయి నువ్వే చెప్పుకో."

చెప్పాను. సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తిడితే బాగుండుననిపించింది. దూది తెచ్చి, టర్పెంటైన్‌లో ముంచి నా చేతికిచ్చారు.

"రంగు ఎంత మందంగా వేశావో నీ చేతికే తెలుసు. నువ్వే తియ్యి. కింది పొర ఇంకా పూర్తిగా ఎండలేదు. అది కూడా వచ్చేసిందంటే ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టలేం."

నా ఉద్యోగం సంగతే మరిచిపోయాను. ఆ ముసలాయన ముఖం పాడవకుండా ఉంటే చాలనుకున్నాను. అద్ది, తీసి, దూది మార్చి, మళ్ళీ అద్దాను. చాలాసేపటికి గీటు మెల్లగా తేలింది. "ఇక ఊపిరి పీల్చుకో" అన్నారు సార్.

పెద్దాయన పోయాక పటం కోసం ఆయన కూతురు వచ్చింది. నడివయసు దాటిన మనిషి. చూస్తూ చూస్తూ చెంప దాకా వేలు తీసుకెళ్ళి ఆపేసింది. "ఇది నేను గీరిందే. నెలల పిల్లగా ఉన్నప్పుడు నా గోరు తగిలిందట. నాన్న అందరికీ చూపించి మురిసేవాడు" అని అరబీలో చెప్పి భోరుమంది. అక్కడ నిలబడలేక నేను తలుపు చాటుకు పోయి ఏడ్చాను. సార్ కఫీల్‌కు ఏమీ చెప్పలేదు. మరుసటి వారం మాత్రం నా చేతికి కుంచె ఇచ్చి నేర్పడం మొదలుపెట్టారు.

తర్వాత కొన్నేళ్ళకు చేయి వణకడం మొదలై ఆయన పని మానుకుని ఊరికి వెళ్ళిపోయారు. అక్కడే కన్నుమూశారని తెలిసింది. ఇప్పుడు తీరిక దొరికినప్పుడల్లా నేనూ ముఖాలు వేస్తున్నాను. కూర్చున్నవాళ్ళు మచ్చ తీసేయమంటారు. సరేనంటాను, కానీ అది ఎలా వచ్చిందో ముందు చెప్పమంటాను. సిగ్గుపడుతూ మొదలుపెడతారు. చెప్పడం అయ్యాక, తీసేయమని మళ్ళీ అడిగినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు.