దయామణి ఆంటీ ఫోన్‌లో మాట్లాడటం ఎందుకు మానేశారంటే

ఈ రోజు పొద్దున వాళ్ల డాబా మీద తీగకి గంజి పెట్టిన తెల్లచీర వేలాడుతోంది. మొన్న సాయంత్రం ఆవిడే ఆరేసుకున్నారు. ఆదివారం చర్చికి కట్టుకునే చీర. అట్టలా బిగుసుకుపోయింది. ఎవరూ తియ్యలేదు.

దయామణి ఆంటీ ఇక లేరు.

నిన్న అమ్మ వచ్చి చెబితే "ఏ దయామణి ఆంటీ?" అని అడిగాను. మా వీధిలో ఆ పేరు గలవాళ్లు ఆవిడ ఒక్కరే. గుండెనొప్పి అట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

నిన్నటి నుంచి చర్చి గ్రూప్‌లో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ వయసులో ఆంటీకి ఇంగ్లీష్ నేర్పానని. థాంక్స్ అని టైప్ చేసి చెరిపేశాను.

జరిగింది అది కాదు.

ఆంటీ వాళ్లబ్బాయి సుధీర్‌ది పుణేలో ఉద్యోగం. అక్కడే మిజోరాం అమ్మాయి మెర్సీని పెళ్లి చేసుకున్నాడు. మెర్సీకి తెలుగు రాదు. ఆంటీకి తెలుగు తప్ప ఏదీ రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఇంగ్లీష్ ఒక్కటే, అది కూడా ఆంటీ వైపు నాలుగు ముక్కలు.

ఆ ముక్కలతోనే రోజూ మాట్లాడేవారు. "మెర్సీ, రైస్? ఈట్? రెయిన్? ఓకే, ప్రెయిజ్ ద లార్డ్."

ఒకసారి నేను వాళ్లింట్లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. ఆంటీ గోంగూర పచ్చడి జాడీ ఫోన్‌కి దగ్గరగా పెట్టి, "దిస్ ఫైర్. యూ నో. సుధీర్ యెస్" అన్నారు, ఇది కారం, నీకొద్దు, వాడు తింటాడని. మెర్సీ అవతల పడీ పడీ నవ్వింది. ఆంటీ కూడా.

నాకు మాత్రం ఆ ఇంగ్లీష్ వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

తర్వాత పాస్టర్ గారు నన్ను చర్చి వెనక హాల్లో శనివారం శనివారం స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పమన్నారు. వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. చాలామంది భర్తలు ఆటోనగర్ షెడ్లలో పనిచేస్తారు. మొదటిరోజే ఆంటీ ముందు బెంచీలో కూర్చున్నారు. కోడలితో బాగా మాట్లాడాలి, నేర్పమ్మా అన్నారు.

నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. పాఠం ఎలా చెప్పాలో తెలియక, కాన్వెంట్‌లో మాకు పెట్టిన రూలే పెట్టాను. జవాబు పూర్తి వాక్యంలో చెప్పాలి. చెప్పేదాకా కూర్చోకూడదు.

ఆంటీ లేచి, రెండు మాటలు చెప్పి ఆగిపోయారు. "సగం చెప్పాగదమ్మా. మోకాళ్లు నొప్పులు. సగం కూర్చోనా?"

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే క్లాస్ నా చేతిలోంచి జారిపోతుందని భయం. ఆవిడ అలాగే నిలబడ్డారు.

ఇంకో మాట కూడా అన్నాను. ఇంటి దగ్గర తప్పుల తడకగా మాట్లాడితే అదే అలవాటైపోతుంది, సరిగ్గా వచ్చేదాకా మాట్లాడకపోవడమే మంచిది అని.

నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

పోయిన శనివారం క్లాస్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికొచ్చారు. "'నీ గొంతు వినకపోతే నాకు పొద్దు గడవట్లేదు' అని ఎట్టా చెప్పాలమ్మా?"

నేను పుస్తకాలు సర్దుకుంటున్నాను. "ఆ లెసన్ ఇంకా రాలేదు ఆంటీ" అన్నాను.

సరేనమ్మా అని వెళ్లిపోయారు.

సుధీర్, మెర్సీ నిన్న సాయంత్రం ఫ్లైట్‌లో వచ్చారు. ఈ పొద్దున నేను వెళ్లగానే అంకుల్ మెర్సీని పిలిచి, అత్తయ్యకి ఇంగ్లీష్ నేర్పిన టీచర్ గారని నన్ను చూపించారు. నాకు కుర్చీ కూడా వేయించారు.

మెర్సీ నన్ను వరండా చివరికి తీసుకెళ్లి ఇంగ్లీష్‌లో అడిగింది. అత్తయ్యకి తన మీద కోపమా అని. ముందు రోజూ మాట్లాడేవారట. కొన్ని నెలలుగా ఫోన్ ఎత్తి, హలో అని, అంకుల్ చేతికి ఇచ్చేస్తున్నారట. సుధీర్‌ని అడిగితే అదేం లేదన్నాడట. తను నచ్చలేదేమో అని లోలోపల అనుకుంటూ ఉందట.

ఎం.ఏ. ఇంగ్లీష్ చదివాను. ఆ అమ్మాయి ముందు నా నోట్లోంచి వచ్చింది ఇంతే.

"నో. నాట్ యూ. మీ."

తనకి అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. రూల్, నేనన్న మాట, ఆంటీ దాన్ని అక్షరాలా పాటించడం. చివరికి పోయిన శనివారం ఆంటీ నన్ను అడిగిన వాక్యం కూడా. దాన్ని ఇంగ్లీష్‌లో చెప్పడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

మెర్సీ నన్ను తిట్టినా బాగుండేది.

లోపలికి వెళ్లి, ఆంటీని ఉంచిన పెట్టె పక్కన కింద కూర్చుని, ఆంటీ చెవి దగ్గర చాలాసేపు ఏదో చెప్పింది. ఇంగ్లీష్‌లో కాదు. వాళ్ల భాషలో. అక్కడున్న మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరూ ఆపలేదు.

మధ్యాహ్నం మూడింటికి చర్చిలో ఆరాధన. అక్కడి నుంచి సమాధుల తోటకి. దయచేసి ఈ పోస్ట్ కింద నన్ను ఓదార్చకండి. రాగలిగినవాళ్లు రండి. మెర్సీ పక్కన కూర్చోండి. ఏ భాషలోనైనా సరే, వచ్చినంత మాట్లాడండి.

ఆంటీ, వెళ్లిరండి. ప్రభువు దగ్గర మీ మనసుకి నెమ్మది దొరకాలి.

మా ఊరు చల్లపల్లి నుంచి తెచ్చి నన్ను కాన్వెంట్‌లో వేసిన మొదటి ఏడాది, ఆ పూర్తి వాక్యం రూల్‌కి భయపడి స్కూల్లో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పిల్ల మూగదైపోయిందేమోనని అమ్మ నన్ను డాక్టర్‌కి చూపించింది.