లాఠీలు దింపిన పిలుపు

మా గల్లీ మొదటి ఇంటి గవర్నర్ సారు సోమవారం తెల్లవారుతుండగా నిద్రలోనే పోయారు. మామయ్య వచ్చి ఆ మాట చెప్పేసరికి సారు ఇంటికి తీసుకెళ్లే చెంబులో అప్పటికే పాలు పోసి పెట్టాను.

ఆయన పోలీసు ఉద్యోగం, గెలిచిన ఎన్నికలు, ఎక్కడో కొండల రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లడం అన్నీ పేపర్లలో రాశారు. నేను ఐదో తరగతి వరకే చదివాను. నాకు బాగా తెలిసింది ఆయన గుమ్మం.

పెళ్లయి ఉస్మాన్‌గంజ్ వెనక ఈ గల్లీకి వచ్చిన కొత్తలోనే మామయ్యకు మోకాళ్లు పట్టేశాయి. పాలు పోసే పని నాకొచ్చింది. మా ఆయన పొద్దున దుకాణానికి వెళితే మూసేదాకా రాడు. బయట ఎవరైనా ఉర్దూలో పలకరిస్తే ఆ భాష రాక తల దించుకునేదాన్ని. సారు గుమ్మంలో కూడా చెంబు చప్పుడు లేకుండా పెట్టి వచ్చేసేదాన్ని. ఒకరోజు ఆయన తలుపు వెనకే నిలబడి ఉన్నారు.

"సప్పుడు చెయ్యకుంట వచ్చేటోళ్లను పట్టుకునుడే నా పాత నౌకరి బిడ్డా. పాలు అని పిలువు."

పిలిచాను. నాకే వినపడలేదు.

"గట్ల కాదు. మీ మామ పిలిస్తే చౌరస్తా దాంక ఇనపడుతుండె."

ఆ సంగతి మామయ్య చెప్పాడు. సారు ఇక్కడ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు కర్ఫ్యూ పెడితే పసిపిల్లల ఇళ్లకు పాలు అందేవి కావట. "మలుపు కాడినుంచే పాలు అని ఒర్రుకుంట రా. మావోళ్లు లాఠీలు దించుతరు" అని మామయ్యకు మాట ఇచ్చారట. దించారు కూడా. తర్వాత ఖాకీ విడిచి ఓట్లకు నిలబడితే మొదటిసారి ఓడిపోయారు.

"పాలు తాగినోళ్లకు అప్పటికి ఓటు రాలే గదా" అని సారు నవ్వేవారు.

గవర్నరు బంగళా ఎలా ఉండేదని ఒకసారి అడిగాను.

"మస్తు పెద్దగుండె. నేను కూసుంటేనే అందరు కూసుంటుండ్రి. పొద్దుగాల పాలు ఎవరు తెస్తరో తెల్వకపోతుండె. ఒక్క మనిషి పిలుపన్న ఇనపడేది కాదు. గందుకే పదవి అయిపోంగనే ఈడికొచ్చిన."

రోజూ నేను పిలవగానే లోపల కుర్చీలోంచి "ఆఁ, ఇన్న బిడ్డా" అనేవారు. కొన్ని రోజుల్లో సాయంత్రం దాకా నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే.

సోమవారం గల్లీకి అడ్డంగా బారికేడ్లు, పెద్దవాళ్ల కార్లు. వచ్చినవాళ్లకు చాయ్‌కైనా పనికొస్తాయని పాలు తీసుకెళ్లాను. కుర్ర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎవరమ్మా నువ్వు? పాస్ ఉందా?"

ఎప్పటిలాగే తల దించుకున్నాను. తర్వాత అక్కడినుంచే, వచ్చినంత గొంతుతో "పాలు" అని పిలిచాను. కార్ల దగ్గరివాళ్లంతా వెనక్కి తిరిగారు. సారు దగ్గర ఏళ్లుగా వంట చేసే ముసలాయన బయటికొచ్చాడు.

"ఛోడ్ దో భాయ్, పోనియ్యి. మా ఇంటి బిడ్డ."

ఆ అబ్బాయి లాఠీ దించాడు.

ఇప్పుడు ఆ ఇంటికి తాళం వేశారు. వంటాయన ఊరికి వెళ్లిపోయాడు. మిగతా ఇళ్లకు పాలు పోయడానికి వెళుతూ ఇవాళ కూడా అక్కడ ఆగి పిలిచాను, గట్టిగానే. ఎదురింట్లో ఎవరో కిటికీ తెరిచి చూసి మూసేశారు. తలుపు సందులోంచి ఆయన కుర్చీ కనపడుతోంది. గుమ్మం వైపే తిరిగి ఉంది.