ఎడమ లివరు

ఆర్వో లెహ్తినెన్ నోట హ్యాండిల్‌బారు అన్న మాట వచ్చిందంటే అది తిట్టే. కెనడాలోని మా ఉత్తర ఒంటారియో ఊబినేలల్లో ఆరు చక్రాల నీటిబండి లేని వేటగాడు లేడు. బురదలో పాకుతుంది, సరస్సు అడ్డొస్తే పడవలా తేలుతుంది. తేడా అంతా గేర్‌బాక్సులోనే. ఆర్వోది రెండు లివర్ల పాతకాలపు బాక్సు, రెండు వైపులకూ బలం విడివిడిగా అందుతుంది. ఎడమ లివరు లాగితే ఎడమ చక్రాలు ఆగి బండి అటు తిరుగుతుంది, కుడిది లాగితే ఇటు. పక్కింటి ఎల్జియార్‌ది హ్యాండిల్‌బారు. ఒంటిచేత్తో తిప్పొచ్చు గానీ, ఒకవైపు చక్రాలు జారాయంటే ఇంజను బలమంతా ఆ జారే వైపుకే పోతుంది, రెండోవైపు చేతులెత్తేస్తుంది. "సైకిలు తొక్కుకోరా" అని ఆర్వో ఏళ్ల తరబడి అతన్ని ఏడిపించాడు. అతని భార్య సిల్వి ఏళ్ల తరబడి వెనక సామాన్ల మధ్య కూర్చుని ఈ వాదన వింది. పెళ్లాన్ని లివరు ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు మహానుభావుడు.

ఆ వసంతంలో ఆర్వోకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. కుడి చెయ్యి బాగానే ఉంది కానీ యాక్సిలేటరు కుడి లివరు పిడిలోనే ఉంటుంది, దాన్ని వదిలి రెండో లివరు అందుకోలేడు. ఒకరోజు పంతం పట్టి ఎక్కి, పెరట్లో కుడివైపే గుండ్రంగా తిరిగి తిరిగి దిగిపోయాడు. ఆ తర్వాత బండి మాటెత్తలేదు. కాఫీ అడగడం కూడా మానేశాడు. ఆకులు రాలే వేళకు ఏటా వెళ్లే ఊబి అవతలి వేట గుడిసెకు చేరకపోతే దిగులుతో ఈ మనిషి చలికాలం గట్టెక్కడని సిల్వికి బెంగ పట్టుకుంది.

సెప్టెంబరులో ఎల్జియార్ తన బండి తెచ్చి ముంగిట నిలబెట్టాడు. ఉంచుకోరా ముసలాడా, ఒక చెయ్యి చాలు అన్నాడు. ఆర్వో వెక్కిరించలేదు, బుద్ధిగా తలూపాడు. అది చూసి సిల్వికి గుండె తరుక్కుపోయింది.

ఆర్వో ఆ బండెక్కి బయల్దేరితే, ఊబి అంచున తడి నాచులో ఎడమ చక్రాలు గిర్రున తిరిగాయి, కుడివి కదల్లేదు. జారే వైపుకి బారు తిప్పు, అక్కడ బ్రేకు పడి బలం ఇటు మళ్లుతుందని ఎల్జియార్ గట్టు మీంచి అరిచాడు. ఆర్వోకు తెలియక కాదు. కానీ బతుకంతా లివర్లు లాగిన చెయ్యి, బారును తిప్పడం మాని వెనక్కి లాగింది. ఎంత లాగితే ఏం లాభం? బండి పొట్టదాకా దిగబడింది. ఎల్జియార్ తాడు కట్టి బయటికి లాగుతున్నంతసేపూ ఆర్వో కళ్లు తుడుచుకోకుండా కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే సిల్వి పాత బండి మీది పట్టా తీసి, ముందు సీట్లో ఎడమవైపు కూర్చుంది.

"ఎడమది నాది. ఎక్కు."

"నీకు... రాదు," అన్నాడు ఆర్వో.

"ఇప్పుడు నీకూ రాదుగా. ఎక్కమన్నానా?"

ఎక్కాడు. అలవాటు కొద్దీ అధికారం మొదలుపెట్టాడు. ఎడమ అనే మాట ఆ వంకర నోట్లోంచి బయటపడేసరికి మలుపు దాటిపోయి, ఇద్దరూ పొదలో పడ్డారు. తలలో చిక్కుకున్న ఆకులు దులుపుకుని సిల్వి అతని వైపు తిరిగింది.

"నువ్వు చెప్పకు. నీ వెనక కూర్చుని ఈ దారి ఎన్నిసార్లు చూడలేదూ? నీ వైపు నువ్వు చూసుకో, నా వైపు నేను చూసుకుంటా."

ఆర్వో నోరు మూసుకున్నాడు. అంత కష్టమైన పని అతను జన్మలో చేసి ఉండడు. తడి నాచులో ఎడమ చక్రాలు జారినా కుడివి తమ పట్టు విడవలేదు, బండి మూలుగుతూ ముందుకే పాకింది. సరస్సులోకి దిగి తేలుతూ సాగారు. గుడిసె ఉన్న అవతలి ఒడ్డున, నీళ్లలో సగం మునిగిన మోడు అడ్డంగా కనిపించగానే సిల్వి లివరు లాగింది. బిగుసుకుపోయిన లివరు, సగమే వచ్చింది. అప్పుడు ఆర్వో వంగి, తన పడిపోయిన చేతిని ఒడిలోంచి భుజంతో ఎత్తి ఆమె చేతి మీద వేశాడు. అందులో పిసరంత బలం లేదు. సిల్వి పళ్లు బిగించి లాగింది. బండి ఎడమకు తిరిగి ఒడ్డెక్కింది. ఇంజను ఆపాక కూడా ఆ చేతిని తియ్యమని ఆమె అనలేదు, అతనూ తియ్యలేదు.