గడియారం అమ్మాను, పలుపు అమ్మలేదు

మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. కానీ అవతలివాణ్ణి మోసం చేస్తున్నానేమోనని భయపడుతూ, ఆ భయంలోనే మోసపోయినవాడు నాకు తెలిసి ఒక్కడే. రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనబడతాడు.

మార్కాపురంలో ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేశాను. దేశంలో పిల్లలంతా పలకల మీద రాస్తే నేను పలకల గురించి రాశాను. ఎన్ని పెట్టెలు, ఏ ఊరికి, ఎన్ని దారిలో పగిలాయి. కొన్నాళ్లకు ఎంత పిలిచినా పలకలకు పలికేవాడు లేక ఫ్యాక్టరీ మూతపడింది. ఆఖరి రోజున ఓనరు నన్ను గదిలోకి పిలిచి సొరుగులోంచి ఒక చేతి గడియారం తీశాడు. మా రాయి కొనే విదేశీ వ్యాపారి ఎప్పుడో ఆయనకు బహుమతిగా ఇచ్చిన స్విస్ గడియారం. "ఇన్నేళ్లు టైముకు వచ్చినావు, టైము నీకే ఇస్తాండా" అన్నాడు. డబ్బా లేదు, బిల్లు లేదు, కాగితం ముక్క లేదు.

అది ఓనరు చేతి కొలత. నా చేతికి పెడితే గాజులాగా మోచేతి దాకా జారింది. బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి తీసుకెళ్తే, స్టీలు పట్టీలోంచి మూడు ముక్కలు ఊడదీసి బిగించాడు. ఆ కాసేపూ నేను ఆయన వేళ్ల మీంచి చూపు తిప్పలేదు. లోపలి సామాను మార్చేస్తాడేమోనని అనుమానం. "ఏంది సారూ, నా చెయ్యి ఎప్పుడూ చూడలేదా?" అన్నాడు చాచా. ఊడిన మూడు ముక్కలూ కాగితంలో పొట్లం కట్టి ఇస్తే, ఇంటికి తెచ్చి లెక్కపెట్టుకున్నాను. మూడే.

దొంగల భయంతో గడియారాన్ని బీరువాలో పెట్టాను. మూడో రోజు తీసి చూస్తే ఆగిపోయి ఉంది. కంగారుగా అటూ ఇటూ ఊపితే నడిచింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. ఎవరైనా కదిలిస్తే తప్ప కదలదు. నా తమ్ముడిలాగే ఉందే అనుకున్నాను. లోపల ఏదో జబ్బు ఉందని ఖాయం చేసుకున్నాను. చాచాను అడగొచ్చు. అడిగితే విప్పుతాడు, విప్పితే మారుస్తాడు. అందుకని అడగలేదు. నా తెలివి అంత దూరం వెళ్లి అక్కడ ఆగింది.

కొన్నేళ్ల తర్వాత అమ్మాల్సి వచ్చింది. మా ఆవిడ పళ్ల కోసం.

మా పడమటి ఊళ్ల బోరునీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి పళ్ల మీద ముందు పసుపు, తర్వాత మట్టిరంగు ఎక్కుతుంది, ఆపైన ఒక్కొక్కటే ఊడిపోతాయి. ఆమె జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకు తినే స్థితికి వచ్చింది. దానికన్నా నన్ను బాధపెట్టింది, నవ్వేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం. నేనేదో మాటను మెలితిప్పి జోకు వేస్తాను, ఆమె ముఖం సగం చీర వెనకాల మాయమవుతుంది. నవ్విందో విసుక్కుందో తెలియదు. ఒంగోలు డాక్టరు పై వరస, కింది వరస, కదలని పళ్లు కడతానని ఒక అంకె చెప్పాడు. అది గడియారానికి నేను అనుకున్న ధరకు కొంచెం అటూ ఇటూగా ఉంది. అప్పటినుంచి నేను గడియారం ధరను రూపాయల్లో కాదు, పళ్లలో లెక్కపెట్టుకున్నాను.

పాత వస్తువులు అమ్మే ఒక యాప్‌లో ఫోటో పెట్టాను. మొదట యర్రగొండపాలెం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"అన్నా, దీంట్లో కాల్స్ వస్తాయా?"

"రావు నాయనా. టైము ఒక్కటే వస్తాది."

"అంతేనా!" అని పెట్టేశాడు.

తర్వాత మిలటరీలో ఉన్నానంటూ ఇంకొకాయన. డబ్బులు పంపడానికి ఒక గళ్లబొమ్మ పంపుతాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి చాలు అన్నాడు. నేను కళ్లజోడు తుడుచుకుంటుండగా మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "డబ్బులు మనకు వచ్చేటట్టయితే పిన్ను మనం కొట్టేదేందయ్యా? వచ్చేదానికి తలుపు తీస్తారు గానీ బీరువా తీస్తారా?" అంది. మిలటరీ వెనక్కి తగ్గింది.

మూడో ఆయన త్రిపురాంతకం నుంచి. "ఎవరిదన్నా ఇది?" "నాదే." "నువ్వేం చేస్తాంటావు?" "గుమాస్తాగా చేసినా." "గుమాస్తా చేతికి ఇట్లాంటిది యాడినుంచి వచ్చినాదన్నా?" ఆ రోజంతా నాకు నా మీదే అనుమానంగా ఉంది.

చివరికి దొరికినవాడు గిద్దలూరాయన. సిమెంటు, ఇనుము దుకాణం. వస్తువు తెచ్చి చూపించమన్నాడు. ఎవడైనా బస్సులో కొట్టేస్తాడని గడియారాన్ని ఫుల్‌చేతుల చొక్కా కింద పెట్టుకుని, పైన చేతిరుమాలు కట్టి, చెయ్యి విరిగినవాడిలా కూర్చున్నాను. కంభం దాకా నా పక్కన కూర్చున్న పెద్దమ్మ "ఎట్ల పడినావు నాయనా?" అని జాలిపడింది. రోడ్డు గతుకులకు గడియారం మాత్రం హాయిగా నడిచింది.

ఆయన దుకాణంలో కుర్చీకి సరిపోని మనిషి. చేతులు దూలాల్లా ఉన్నాయి. బల్ల మీద ఒక చిన్న అద్దాల పెట్టె, అందులో రెండు గడియారాలు రంగులరాట్నం ఎక్కినట్టు మెల్లగా తిరుగుతున్నాయి. సిమెంటు కొట్లో ఈ సోకేమిటో అనుకున్నాను, అంతే. అనుమానం అవసరమైన చోట నాకు ఎప్పుడూ రాదు.

నా గడియారాన్ని ఆయన రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తి చూశాడు. చేతికి పెట్టుకోనే లేదు.

"పెట్టి చూడన్నా" అన్నాను.

"నాకేం దీని మీద మనసు లేదులే. నువ్వు ఇంత దూరం వచ్చినావని చూస్తాండా. డబ్బా లేదు, బిల్లు లేదు. కాగితాల్లేని వస్తువును ఎవరు నమ్ముతారన్నా?"

అయినా చివరికి నేను అడిగిన ధరకే, అంటే రెండు వరసలకూ, ఒప్పుకున్నాడు. ఒక్క షరతు. "ఎద్దును కొనేవాడు ఒకరోజు అరకకు కట్టి చూసుకుంటాడు గదా. ఇదీ అంతే. రెండు రోజులు నా దగ్గర పెట్టి పో."

కాదనలేకపోయాను. అది మా వైపు మర్యాద. మా నాయన ఎద్దును అమ్మినప్పుడల్లా ఇలాగే కొనేవాడి చేనికి పంపేవాడు. నచ్చి బేరం కుదిరితే, ఎద్దు మెడలోని పలుపుతాడు మాత్రం విప్పుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. ఎద్దుతో పాటు తాడు ఇవ్వడం మా ఇళ్లల్లో లేదు. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి.

గడియారం మార్చేస్తాడన్న భయం ముందే ఉంది గనుక, పట్టీ లోపలివైపు మా ఆవిడ చేత గోళ్లరంగుతో కనబడీ కనబడని చుక్క పెట్టించి తెచ్చాను. వెనకాల ఉన్న నంబరు రాసుకున్నాను. ఆయన గడియారం పట్టుకుని ఉండగా ఫోటో తీశాను. ఇంత చేసి, ఒక ధనికుణ్ణి అనుమానించినందుకు దారి పొడుగునా సిగ్గుపడ్డాను. సిగ్గు కింద అసలు భయం వేరే ఉంది. అది ఆగిపోతుందే! ఆ జబ్బు సంగతి నేను చెప్పలేదే!

మూడో రోజు ఫోన్ మోగింది.

"అన్నా, నీ వాచీ ఆగిపోయినాది."

నా గుండె కూడా కాస్త ఆగింది.

"అట్లనా... ఎప్పుడు?"

"ఇనప్పెట్టెలో పెట్టినా. పొద్దున తీస్తే ముల్లు కదల్లేదు. మిషను పోయినట్టుంది. నీకు ముందే తెలుసా ఏందన్నా?"

ఆ ముల్లు నాకు గుచ్చుకుంది. తెలుసనలేను, తెలియదనలేను. దొరికిపోయిన దొంగలా గొంతు తగ్గించి, "నువ్వెంత అంటే అంతకే ఇచ్చేయన్నా" అన్నాను. ఆయన ఒక్క మాటలో పై వరస మొత్తం పీకేశాడు. మత్తు సూది కూడా వేయలేదు.

గిద్దలూరు వెళ్లి డబ్బు తీసుకున్నాను. పట్టీ లోపల గోళ్లరంగు చుక్క పెట్టినట్టే ఉంది. నేను అనుమానించిన మోసం ఆయన చేయలేదు. చేసిన మోసం నేను అనుమానించలేదు.

మా ఆవిడకు కింది వరస కట్టించాం. "ఇది చాల్లేయ్యా, రొట్టెను కిందనుంచి కొరుక్కుంటాలే" అంది. అని, కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత నెలలో నా పాత గడియారానికి బ్యాటరీ వేయించడానికి చాచా దగ్గరికి వెళ్లాను. మాటల్లో ఆ స్విస్ గడియారం జబ్బు గురించి, దాన్ని దాచిపెట్టి అమ్మబోయిన నా పాపం గురించి చెప్పుకున్నాను. చాచా కంటికున్న భూతద్దం తీసి నన్ను మామూలు కన్నుతో చూశాడు.

"అరె సారూ, జబ్బేంది? అది చేతి ఊపుకు తిరిగే వాచీ. పెట్టుకుంటే నడుస్తాది, పెట్టెలో పెడితే రెండు రోజులకు ఆగుతాది. అది పుట్టిందే అట్ల."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? ఆ రోజు నా చేతులు చూసిందే గానీ నా మొహం చూసినావా?"

అప్పుడు నాకు అద్దాల పెట్టె గుర్తొచ్చింది. రెండు గడియారాలు తిరుగుతున్నాయని చెప్పాను. చాచా నెత్తి కొట్టుకున్నాడు. "అది ఉయ్యాల సారూ! ఇట్లాంటి వాచీలు ఆగకుండా ఉండేదానికి కొంటారు. ఆ పెట్టె ఉన్న మనిషికి ఇది తెలియదా?"

తెలుసు. అందుకే నా గడియారాన్ని ఆ ఉయ్యాల ఎక్కించలేదు. ఇనప్పెట్టెలో పడుకోబెట్టి, ఆగేదాకా కాచుకుని, నాకు ఫోన్ చేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె తిట్టలేదు. "అంటే నా పై పళ్లు ఆయన ఇనప్పెట్టెలో ఉన్నాయా?" అంది.

చలి మొదలైన రోజుల్లో గిద్దలూరాయన ఫోన్ చేశాడు. గొంతులో కొత్త తేనె.

"అన్నా, బాగుండావా? ఏం లేదు, ఆ వాచీ పట్టీ ముక్కలు నీ దగ్గర ఏమన్నా ఉండాయా? నా చేతికి పెడితే కొక్కెం పడలా."

రెండు వేళ్లతో పట్టుకుని చూసిన మనిషికి ఇన్నాళ్లకు మణికట్టు గుర్తొచ్చింది.

"కంపెనీ దుకాణంలో అడగకపోయినావా అన్నా?"

"అడిగినా. బిల్లు చూపించమన్నారు." ఆగి, మెల్లగా అన్నాడు: "కాగితాల్లేవు గదన్నా."

"అవునవును. కాగితాల్లేని వస్తువును ఎవరు నమ్ముతారు?" అన్నాను. ఈ ఒక్క వాక్యం కోసం నేను బస్సెక్కి గిద్దలూరు వెళ్లమన్నా వెళ్లేవాణ్ణి. ఆయనే కారేసుకుని మార్కాపురం వచ్చాడు.

మా ఆవిడ ఆయనకు మంచినీళ్లిచ్చింది, బోరువి. నేను పోపులపెట్టెలోంచి పొట్లం తీసుకొచ్చాను. దొంగలు ఆవాల కింద వెతకరని అక్కడే దాచాం. ఆయన చెయ్యి చాచాడు. నేను పొట్లం విప్పలేదు.

"ముక్కలు వాచీతో పాటు రావాల్సినవే గదన్నా" అన్నాడు.

"ఎద్దును అరకకు కట్టి చూస్తానని నువ్వే అంటివి. ఎద్దును అమ్మినోడు పలుపు ఇస్తాడా అన్నా? ఇది పలుపు. దీని బేరం వేరే."

"ఎంతంటావు?"

"వాచీ ఆగిపోయినాదని నువ్వు తగ్గించినావు చూడు, అంతే. ఒక్క రూపాయి ఎక్కువొద్దు." ఆయన నోరు తెరిచేలోగా, "ఆ తిరిగే అద్దాల పెట్టె బాగుందన్నా. యాడ కొన్నావు?" అన్నాను.

నా వైపు చూశాడు, మా ఆవిడ వైపు చూశాడు, తన బోసి మణికట్టు వైపు చూసుకున్నాడు. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి. చివరికి డ్రైవరును పిలిచి కారులోంచి డబ్బు సంచి తెమ్మన్నాడు.

చాచాను ఇంటికే పిలిపించాం. పొట్లంలోంచి రెండు ముక్కలు తీసి ఇచ్చాను. మూడు ఊడదీసిన చాచా నన్నొకసారి చూసి, రెండే బిగించాడు. ఆ చలిపూట కొక్కెం టక్కున పడింది. గిద్దలూరాయన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

మా ఆవిడకు ఇప్పుడు రెండు వరసలూ ఉన్నాయి. కొంగు అడ్డం పెట్టడం మానేసింది. అందువల్ల నాకొక నష్టం, నా జోకుల్లో చాలావాటికి ఆమె అసలు నవ్వడం లేదని ఇప్పుడే తెలిసింది.

ఇక ఎండాకాలం రాగానే మా వైపు మనుషుల చేతులు ఉబ్బుతాయి. లావుపాటి చేతులు మరీను. ఏప్రిల్‌లో ఏదో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగుతుంది.

"అన్నా, పట్టీ చెయ్యి కొరుకుతాంది. ఇంకొక్క ముక్క ఉండాదేమో చూడరాదూ?"

"ఎతుకుతానే ఉండానన్నా" అంటాను. అని పోపులపెట్టె తెచ్చి, ఫోన్ దగ్గర పెట్టి నెమ్మదిగా గలగలలాడిస్తాను.

"ఏందన్నా ఆ చప్పుడు?"

"ఆవాలన్నా."